మనుషులు కట్టిన నెలవుల్లో తేనెటీగ

బోయిగూడలో మేముండే సందు చివర ఒక అయిదంతస్తుల అపార్టుమెంటు ఉంది. రెండేళ్ళ క్రితం, వానలు వెనుకబట్టిన రోజుల్లో, దాని నాలుగో అంతస్తు చజ్జా కింద తేనెపట్టు పట్టింది. మొదట అరచేయంత నల్లటి మచ్చలా కనిపించింది. నెల తిరిగేసరికి చేటకన్నా పెద్దదయింది. కింద పిల్లలు ఆడుకునేవారు, ఆడవాళ్ళు మేడపై బట్టలు ఆరేసుకునేవారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒకరోజు ఒక అబ్బాయిని ఈగ కుట్టింది. ఒకే ఒక్క ఈగ. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత కొందరు కలసి ఎవరినో పిలిపించారు. వచ్చినవాళ్ళు పొడవాటి వెదురుగడకు గోనెసంచి చుట్టి, డీజిల్‌లో ముంచి, అంటించారు. పది నిమిషాల్లో అంతా అయిపోయింది.

తెల్లవారి ఫజ్ర్‌కు వెళుతుంటే చెప్పుల కింద ఏవో చిటపటమన్నాయి. దీపం వెలుగులో చూస్తే, సందంతా చచ్చిన తేనెటీగలు. కొన్ని రెక్కలు కాలి ఇంకా పాకుతున్నాయి. వాచ్‌మన్ వాటిని ఊడ్చి సిమెంటు తట్టలోకి ఎత్తితే తట్ట నిండింది.

ఆ సాయంత్రం అసర్ తర్వాత పిల్లల తరగతిలో ఒక అమ్మాయి అడిగింది: “మౌలీసాబ్, మన సబఖ్‌లో ఉన్న నహ్ల్ ఇవేనా?” అవునమ్మా, ఇవే అన్నాను. “మరి వాటిని కాల్చొచ్చా?” అని అడిగింది. అప్పటికి ఏదో చెప్పి దాటవేశాను. సరిగా చెప్పలేదన్న బాధ మాత్రం మిగిలిపోయింది. ఆ పిల్లకు ఆనాడు చెప్పవలసిన జవాబే ఈ పాఠం.

మూడు నెలవులు

దివ్య ఖుర్‌ఆన్‌లోని పదహారవ సూరాకు ‘అన్ నహ్ల్’ అని పేరు. నహ్ల్ అంటే తేనెటీగ. మక్కాలో అవతరించిన ఈ సూరాలో 128 ఆయతులున్నాయి. వాటిలో తేనెటీగ ప్రస్తావన వచ్చేది రెండింటిలోనే, 68, 69 ఆయతుల్లో. వాటి సారాంశం ఇది: నీ ప్రభువు తేనెటీగకు ‘వహీ’ చేశాడు, అంటే దాని స్వభావంలోనే ఒక ఆదేశాన్ని ఉంచాడు. కొండల్లో, చెట్లలో, మనుషులు కట్టేవాటిలో ఇళ్ళు చేసుకొమ్మన్నాడు. సకల ఫలాల నుండి ఆహారం తీసుకొమ్మన్నాడు. తాను సుగమం చేసిన మార్గాల్లో సాగిపొమ్మన్నాడు. దాని కడుపు నుండి రకరకాల రంగుల పానీయం వెలువడుతుంది. అందులో మనుషులకు స్వస్థత ఉంది. ఆలోచించేవారికి ఇందులో సూచన ఉంది.

మన ప్రసంగాల్లో ఈ ఆయతులు తరచూ వినిపిస్తాయి. ఆ ఆదేశాలు అరబీలో స్త్రీలింగ క్రియల్లో ఉన్నాయనీ, పని చేసే ఈగలన్నీ ఆడవేనని సైన్సు తర్వాత కనుగొన్నదనీ వక్తలు ఉత్సాహంగా చెబుతారు. పని చేసేవి ఆడ ఈగలే అన్నది నిజం. అయితే అరబీలో నహ్ల్ అనే మాటకు స్త్రీలింగ ప్రయోగం మామూలుగానే ఉంది. కాబట్టి అక్కడే ఆగిపోయి గర్వపడటం కన్నా, ఆ వాక్యంలోనే ఉన్న మరో సంగతిని గమనించడం మేలని నాకనిపిస్తుంది. తేనెటీగకు నెలవుగా చెప్పబడినవి మూడు: కొండ, చెట్టు, మనుషులు కట్టేది. ఆ మూడోదాన్ని చాలామంది వ్యాఖ్యాతలు మనుషులు అమర్చే తేనెపెట్టెలుగా, ఇళ్ళ పైకప్పులుగా, పందిళ్ళుగా వివరించారు. మన చజ్జా, మన నీళ్ళ ట్యాంకు, మన వంతెన కూడా మనుషులు కట్టినవే కదా! మన గోడ మీదికి వచ్చిన తేనెటీగ దారి తప్పి వచ్చింది కాదు. తన ప్రభువు చెప్పిన చోట్లలో ఒకదానికే వచ్చింది.

వచ్చేది ఎవరు?

తేనెటీగ అనగానే మనకు సీసాలోని తేనె, దాని మీది బొమ్మ గుర్తుకొస్తాయి. ప్రపంచంలో 20 వేలకు పైగా జాతుల ఈగలున్నాయి. వాటిలో మనిషి పెట్టెల్లో పెంచేవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. తక్కినవన్నీ అడవివే, అంటే ఎవరి పోషణలోనూ లేనివే. ‘అడవి’ అన్నంత మాత్రాన అవి నల్లమలలోనే ఉంటాయనుకోకూడదు. బోయిగూడ కట్టె డిపోల వైపు వెళ్ళినప్పుడు ఎండు దుంగల చుట్టూ ఝుమ్మంటూ తిరిగే నల్లటి తుమ్మెదను గమనించండి. అదీ ఈ కుటుంబంలోనిదే. ఎండుకట్టెలో గుండ్రటి రంధ్రం తొలిచి అందులో పిల్లల్ని పెంచుకుంటుంది. పాత గోడల పగుళ్ళలో దోమంత సైజులో ఉండే కుట్టని ఈగలు కాపురముంటాయి. కంచె పొదల్లో అరచేయంత పట్టు పెట్టేది చిన్న తేనెటీగ. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో దాక్కుని వరసగా పట్లు కట్టేది పుట్టతేనెటీగ.

అపార్టుమెంట్లకు వచ్చేది వీటిలో అన్నిటికన్నా పెద్దది, కొండ తేనెటీగ. అది ఒకే ఒక పట్టు పెడుతుంది, అదీ ఆరుబయట. ఆ పట్టు మీటరుకు పైగా వెడల్పు పెరుగుతుంది. పట్టుకు తలుపు లేదు, కప్పు లేదు. వేలాది ఈగలు ఒకదాన్నొకటి పట్టుకుని పొరలు పొరలుగా పరదాలా కప్పి ఉంటాయి. లోపల పిల్లలు, పుప్పొడి, తేనె. కందిరీగ దగ్గరికొస్తే ఆ పరదా మీద అల లేచినట్టు ఈగలన్నీ వరసగా నడుములెత్తి మెరుస్తాయి. శత్రువు బెదిరిపోతుంది. ఎండలో నిలబడి ఒకసారి చూడండి, కళ్ళు తిప్పుకోలేరు.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ తేనెటీగ వలసజీవి. పూలు దొరికే కాలంలో వస్తుంది, పూలు తగ్గగానే పట్టు వదలి గుంపుగా వెళ్ళిపోతుంది. నూరు, నూటయాభై కిలోమీటర్ల దూరమైనా పోయి, మరుసటి కాలానికి మళ్ళీ అదే చెట్టుకో అదే భవనానికో చేరుకుంటుంది. పోయినసారి వెళ్ళిన పని ఈగలు ఈసారికి బతికి ఉండవు, అయినా గుంపు అదే చోటును వెతుక్కుంటూ వస్తుంది. మార్గాలను సుగమం చేశానన్న మాట విన్నప్పుడల్లా నాకు ఈ ప్రయాణమే గుర్తుకొస్తుంది. అంటే మన చజ్జా కింద పట్టు శాశ్వతంగా ఉండిపోదు. కొన్ని నెలలు ఓపిక పడితే తనంతట తనే వెళ్ళిపోతుంది. ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే మా సందులో ఆ రాత్రి మంట లేచేది కాదేమో.

తగ్గిపోతున్నాయి

“మా చిన్నప్పుడు ప్రతి మర్రిచెట్టుకూ పట్టుండేది” అని పెద్దలు అంటుంటారు. ఆ మాటలో కొంత జ్ఞాపకాల తీపి కలిసి ఉండవచ్చు. కానీ లెక్కలు కూడా అటే చూపుతున్నాయి. ప్రపంచవ్యాప్తంగా మ్యూజియంలు, పరిశోధకులు, ఔత్సాహికులు నమోదు చేసిన వివరాలను 2021లో ఇద్దరు అర్జెంటీనా శాస్త్రవేత్తలు పరిశీలించారు. 1990కి ముందు నమోదైన జాతుల సంఖ్యతో పోలిస్తే, 2006 నుండి 2015 మధ్య నాలుగో వంతు జాతులు తక్కువగా కనిపించాయని తేల్చారు. మన దక్షిణాదిలో 1991-92లో థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి పుట్టతేనెటీగ పిల్లల్ని పట్లలోనే చంపింది. కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో పెట్టెల్లో పెంచుతున్న గుంపుల్లో అధికభాగం నశించిపోయాయి.

కారణాలు చాలా ఉన్నాయి. కొన్ని మన చేతిలో లేవు. పత్తి విత్తనానికి పట్టించే, పైరుపై చల్లే పురుగుమందులు పూల ద్వారా ఈగల్లోకి చేరతాయి. వెంటనే చంపకపోయినా, దారి మరచిపోయేలా చేస్తాయి. గూటికి తిరిగిరాని ఈగ చచ్చినదానితో సమానమే. ఇలాంటి మూడు మందులను ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది. ఇక పెద్ద చెట్లు. చేవెళ్ళ దారిలో దాదాపు 900 మర్రిచెట్లున్నాయి. రోడ్డు విస్తరణలో అవి పోకూడదని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రైబ్యునల్‌దాకా వెళ్ళి ఏళ్ళ తరబడి పోరాడవలసి వచ్చింది. కొండ తేనెటీగ కోరుకునేది అలాంటి ఎత్తైన, బలమైన కొమ్మలనే. అవి లేకపోతే అది ఎక్కడికి పోవాలి? మన చజ్జాకే వస్తుంది.

నగరానికి వచ్చాక దాని బతుకెలా ఉంటుందో మన పొరుగునున్న బెంగళూరులో చూశారు. అక్కడి పరిశోధకులు కొన్నేళ్ళపాటు ఈ కొండ తేనెటీగలనే పరిశీలించి 2020లో ఫలితాలు ప్రకటించారు. దుమ్ము, పొగ ఎక్కువగా ఉన్న చోట్ల ఈగలు పూల మీద తక్కువగా వాలుతున్నాయి. అలాంటి చోట్ల పట్టి తెచ్చిన ఈగల్లో నూటికి 80కి పైగా ఒక్క రోజులోనే చనిపోయాయి. వాటి రెక్కల మీద, కాళ్ళ మీద విషలోహాల ధూళి పేరుకొని ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ నుండి ముషీరాబాద్ వైపు సాయంత్రం ఆరింటికి నడిచి చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మరొకటి మరీ చిన్న విషయంలా కనిపిస్తుంది. మదురై పరిశోధకులు అయిదు కాఫీ దుకాణాల దగ్గర నెల రోజులపాటు పారేసిన కాగితపు కప్పులను పరిశీలించారు. అడుగున మిగిలిన తీపి కోసం వచ్చి అందులో పడి చచ్చిన తేనెటీగలు 25 వేలకు పైగా తేలాయి. 2011లో ఈ వివరాలు ప్రచురితమయ్యాయి. మన టీకొట్ల దగ్గర తొట్టెలోకి తొంగిచూడండి. చాయ్ అడుగున వదిలేయడం ఇస్రాఫ్ (దుబారా) అని మనకు తెలుసు. ఆ అడుగు చుక్కల్లో ప్రాణాలు కూడా మునిగిపోతున్నాయని చాలామందికి తెలియదు.

తేనె కోసమే అయితే ఇంత దిగులు అక్కరలేదు, అది పెట్టెల్లోనూ వస్తుంది. అసలు నష్టం పూలకు. ప్రపంచంలోని ముఖ్యమైన ఆహారపంటల్లో నాలుగింట మూడు ఎంతో కొంత జీవుల పరాగ సంపర్కం మీద ఆధారపడి ఉన్నాయని 2016లో ఐక్యరాజ్యసమితి ఛత్రం కింద పనిచేసే శాస్త్రవేత్తల వేదిక తెలిపింది. గుమ్మడి జాతినే తీసుకోండి. మహాప్రవక్త (స) పళ్ళెంలో ఈ జాతి ముక్కల కోసం వెతుక్కుని మరీ తినేవారని హజ్రత్ అనస్ (రజి) చెప్పిన సంగతి బుఖారీలో ఉంది. ఈ జాతిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఒకదాని పుప్పొడిని మరోదానికి ఎవరైనా మోసుకెళ్ళాలి. మోసేవారు రాకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. మేడ మీద కుండీలో పాదు పెట్టి, పూలు పూసినా కాయ కాయడం లేదని వాపోయే మన ఇళ్ళలోని అమ్మలు ఎరువు మార్చే ముందు ఉదయం పూట ఆ పూల మీద ఈగ వాలుతున్నదో లేదో చూడాలి.

కాల్చవచ్చా?

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం ప్రకారం మహాప్రవక్త (స) నాలుగు జీవులను చంపడాన్ని వారించారు: చీమ, తేనెటీగ, హుద్‌హుద్ పిట్ట, సురద్ అనే పక్షి. ఈ హదీసు అబూ దావూద్‌లో ఉంది. తేనెటీగ పేరు ఇందులో విడిగా, స్పష్టంగా ఉంది. కనుక అది పురుగే కదా అని తేలికగా తీసుకునేందుకు వీల్లేదు.

రెండవది నిప్పు విషయం. ఒక ప్రయాణంలో సహచరులు ఒక చీమల పుట్టను కాల్చివేయడం ఆయన (స) చూశారు. ఎవరు కాల్చారని అడిగి, నిప్పుతో శిక్షించే అధికారం నిప్పుకు ప్రభువైనవానికి మాత్రమే ఉందని తెలియజేశారు. ఇదీ అబూ దావూద్‌లోనిదే.

మూడవది మా సందు కథకు మరీ దగ్గరగా ఉంది. పూర్వం ఒక ప్రవక్తను ఒక చీమ కుట్టింది. ఆయన ఆ చీమల నివాసాన్నంతా కాల్చమని ఆదేశించారు. అప్పుడు అల్లాహ్ ఆయన్ను మందలించాడు. కుట్టింది ఒకటి, నీవు తగలబెట్టింది దైవాన్ని స్తుతించే ఒక సముదాయాన్ని అన్నది ఆ మందలింపు భావం. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఇందులో ‘ఉమ్మత్’ అన్న పదమే వచ్చింది. జంతువులు, పక్షులు కూడా మీలాంటి సముదాయాలేనని అల్ అన్ఆమ్ సూరా 38వ ఆయతు మనకు బోధిస్తుంది.

అయితే కొందరు వెంటనే అడుగుతారు: “మా ఇంట్లో పసిపిల్లలున్నారు, గుండెజబ్బు మనిషి ఉన్నాడు. వందల ఈగలు మీదపడితే ఎవరు జవాబుదారీ?” ఇది న్యాయమైన ప్రశ్నే. కొండ తేనెటీగ రెచ్చిపోతే ప్రాణం మీదికి రావచ్చు, అందులో సందేహం లేదు. హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అన్నది ధర్మంలో మూలసూత్రం. నిజమైన హాని ఉన్నప్పుడు దాన్ని తొలగించుకునే హక్కును పండితులు అంగీకరించారు. కానీ మెట్లు ఉన్నాయి. తక్కువ నష్టంతో పని జరిగే దారి ఉండగా ఎక్కువ నష్టపు దారి పట్టకూడదు. బడి కిటికీ పక్కనో, ఆసుపత్రి గుమ్మం మీదో పట్టు పెడితే తీయించవలసిందే. ఎవరికీ అందనంత ఎత్తున, ట్యాంకు అడుగున ఉన్నదాన్ని ‘చూస్తే భయమేస్తోంది’ అని తీయించడం వేరు.

తీయించవలసి వస్తే మంట అక్కర్లేదు, మందు అక్కర్లేదు. పచ్చి ఆకుల పొగ పెట్టి ఈగల్ని పక్కకు తప్పించి పట్టు కోస్తే అవి లేచిపోయి వేరే చోటు వెతుక్కుంటాయి. పొగకూ మంటకూ ఉన్న తేడా తెలిసినవారు తరతరాలుగా మన అడవుల్లో ఉన్నారు. నల్లమల చెంచులు కొండకొమ్ము నుండి తీగతాళ్ళతో దిగి తేనె తీస్తారు. గిరిజన సహకార సంస్థ ఆ తేనెను దశాబ్దాలుగా కొంటోంది. అనుభవజ్ఞులు తేనె ఉన్న భాగాన్ని మాత్రం కోసి, పిల్లలున్న భాగాన్ని వదిలేస్తారు. ఈగలు దాన్నే మళ్ళీ కట్టుకుంటాయి. పెద్ద పట్లను చంపకుండా తొలగించేవారు ఇప్పుడు మన నగరంలోనూ దొరుకుతున్నారు. మందు కొట్టిన పట్టులోని తేనెను మాత్రం ఎవరిచ్చినా నోట పెట్టకండి.

ఇక్కడే తేనె గురించి ఒక మాట. కడుపునొప్పితో ఉన్న సోదరునికి తేనె పట్టమని మహాప్రవక్త (స) చెప్పిన హదీసు అందరికీ తెలిసిందే. ఆ అభిమానంతో మన ఇళ్ళలో పుట్టిన బిడ్డకు ఘుట్టీ పేరుతో తేనె నాకిస్తుంటారు. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదని వైద్యులు ఖచ్చితంగా చెబుతున్నారు. అందులో ఉండే ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టించగలదు. తహ్నీక్‌కు ప్రవక్త (స) వాడినది ఖర్జూరం. అదీ మెత్తగా నమిలి, అంగిలికి రాసేంత మాత్రమే.

పట్టు పక్కన బతకడం

కిందటి నవంబరులో అదే భవనానికి మళ్ళీ ఈగలు వచ్చాయి. ఈసారి నీళ్ళ ట్యాంకు కింద పట్టాయి. మళ్ళీ గడ, గోనెసంచి మాట లేచింది. జుమా తర్వాత నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. పై అంతస్తులో ఉండే ఖాలా ఒకరు, “పెళ్ళికి వచ్చిన చుట్టాలు నెల ఉంటే భరించడం లేదా?” అన్నారు. అందరూ నవ్వారు గానీ మాట నిలిచింది.

చేసింది పెద్దగా ఏమీ లేదు. ట్యాంకు దగ్గరి బల్బు రాత్రిపూట ఆర్పేశారు. ఈ ఈగలు వెలుగుకు వచ్చి గదుల్లో దూరి కుడతాయి, పట్టు ఉన్న ఇళ్ళలో రాత్రి ఫిర్యాదులు ఎక్కువగా ఇందువల్లే. అటువైపు కిటికీలకు జాలీ బిగించారు. మేడ మీద పొగ పెట్టడం, పతంగులు ఎగరేయడం ఆ మూలన మానుకొమ్మని పిల్లలకు చెప్పారు. రాళ్ళు వేస్తే ఏమవుతుందో కూడా చెప్పారు, అది మరీ ముఖ్యం. ట్యాంకు కడిగే పని ఈగలు వెళ్ళేదాకా వాయిదా వేశారు. ఎవరినైనా కుడితే ముల్లును గోటితో గీకి వెంటనే తీసేయాలి. ఒకేసారి చాలా ఈగలు కుట్టినా, ఒక్క ఈగకే ఊపిరాడకపోయినా, పెదాలు వాచినా ఇంటి చిట్కాలతో కాలం గడపకుండా గాంధీ ఆసుపత్రికి తీసుకుపోవాలని అందరికీ చెప్పి ఉంచారు. ఆ అవసరం రాలేదు. ఇద్దరిని కుట్టాయి, సున్నం రాసుకుని ఊరుకున్నారు.

మస్జిద్ ప్రహరీ పక్కన ఖాళీగా ఉన్న జాగాలో పిల్లలచేత ఒక మునగ, ఒక కానుగ పెట్టించాం. ముస్లిం నాటిన చెట్టు నుండి మనిషో, పక్షో, పశువో తిన్నది అతని పక్షాన సదఖా అవుతుందన్న బుఖారీ, ముస్లిం హదీసు ఆ రోజు వారి సబఖ్. మునగ ఆరు నెలలకే పూతకొచ్చింది. ఉదయం పూట దాని మీద ఝుంకారం వినిపిస్తోంది. కానుగకు ఇంకా సమయం పడుతుంది.

మే నెల మొదట్లో ఒక ఉదయం చూస్తే ట్యాంకు కింద ఈగలు లేవు. ఏ పొద్దున లేచి వెళ్ళాయో ఎవరూ చూడలేదు. ఖాళీ మైనపు పట్టు మాత్రం వేలాడుతోంది. రెండేళ్ళ క్రితం ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి, వాళ్ళ నాన్నను నిచ్చెన ఎక్కించి, అందులో ఒక ముక్క విరిపించుకుని తరగతికి తెచ్చింది. పిల్లలందరూ గదులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మగ్రిబ్ అజాన్ అయ్యేవరకు లెక్క తేలలేదు.